మార్చిలో ప్రమాదం, అక్టోబరులో థెరపీ: పీటీఎస్‌డీతో నా అనుభవం

2023 మార్చిలో ప్రమాదం జరిగింది. దానివల్ల నాకు వచ్చిన పీటీఎస్‌డీకి (భయంకరమైన అనుభవం తర్వాత నెలల తరబడి వదలని మానసిక సమస్యకు) సరైన థెరపిస్టు ఎదుట కూర్చున్నది అక్టోబరు నెలాఖరులో. మధ్యలో గడిచిన ఏడు నెలల్లో చాలాకాలం నాకేమవుతోందో నాకూ తెలియలేదు, ఇంట్లోవాళ్లకూ తెలియలేదు, నన్ను పరీక్షించిన డాక్టర్లకూ తట్టలేదు. అన్ని నెలలు ఇంకెవరికీ అలా పోకూడదని ఇది రాస్తున్నాను. చికిత్స ఎలా సాగుతుందో, ఎక్కడ బాధపెడుతుందో, డబ్బూ సమయమూ ఊహించని చోట ఎలా ఖర్చవుతాయో నాకు ఎదురైన వరుసలోనే చెబుతాను.

ప్రమాదం గురించి క్లుప్తంగా చెబుతాను. రాత్రి బస్సు, వాన. డ్రైవరు వెనక వరుసలో నిద్రపోతున్నాను. బస్సు రోడ్డు దిగి పక్కకు పడిపోయింది. నా ఎడమ మణికట్టు విరిగింది. పక్క సీటులోని పెద్దావిడ చనిపోయారు. లోపల దీపాలన్నీ ఆరిపోయాయి గానీ ఇండికేటర్ మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఆ చీకట్లో ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. కాసేపటికి జారిపోయింది. అంతకుమించిన వివరాలు ఇక్కడ అక్కర్లేదు. ఆ శబ్దమూ ఆ చెయ్యీ చాలు, తర్వాత జరిగినదంతా వాటి చుట్టూనే తిరిగింది.

మొదటి నెల నన్ను చూసినవాళ్లంతా ధైర్యవంతురాలినన్నారు. ఏడవలేదు. అడిగినవాళ్లకు ఎవరికో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పేదాన్ని. ఆరు వారాలకు పిండికట్టు తీశారు. ఎముక చక్కగా అతుక్కుంది, ఇక నిశ్చింతగా ఉండమన్నారు డాక్టరు. ఫిజియోథెరపీకి పంపారు. బిగుసుకుపోయిన మణికట్టును అక్కడి అమ్మాయి రోజూ కొద్దికొద్దిగా వంచుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. అయినా ఆ నొప్పి దేనికో తెలుసు కాబట్టి ఓర్చుకున్నాను.

తెలియని నొప్పి వేరే ఉంది. రాత్రి పడుకుంటే రెండు గంటల ప్రాంతంలో మెలకువ వచ్చేది. ఒళ్లంతా చెమట, గుండె దడ. కల గుర్తుండేది కాదు, భయం మాత్రం తెల్లవారేదాకా వదిలేది కాదు. ప్రమాదం జరిగిందీ దాదాపు ఆ వేళకే. ఈ పోలిక నాకు చాలాకాలం తట్టనే లేదు. పగటిపూట గిన్నె కింద పడినా, ఎవరైనా తలుపు గట్టిగా వేసినా ఒళ్లు ఎగిరిపడేది. ఎక్కడ కూర్చున్నా వెనక గోడ ఉండేలా, తలుపు కనబడేలా చూసుకునేదాన్ని. వార్తలు చూడడం మానేశాను. బస్సు ఎక్కే ప్రశ్నే లేదు. కారులోనూ వెనక సీటులో, పగటిపూట, మా ఆయన నడిపితేనే. ఇవన్నీ జాగ్రత్తలే అనుకున్నాను. ప్రమాదం చూసినవాళ్లు జాగ్రత్తగా ఉండరా మరి!

ఎవరికీ చెప్పుకోలేకపోయింది ఇంకొకటి. మా బాబు బడి నుంచి వచ్చి కబుర్లు చెబుతుంటే వాడి పెదవులు కదలడం కనబడేది, మాటలు లోపలికి వెళ్లేవి కావు. వాడంటే నాకు ప్రాణమని బుద్ధికి తెలుసు, మనసుకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. ఒకసారి వాడు వెనక నుంచి పరిగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే ఉలిక్కిపడి తోసేశాను. కింద పడి, ఏడవకుండా నా ముఖంలోకే చూశాడు. ఆ రోజు తర్వాత నన్ను ముందుగా పిలిచి, నేను చూశాకే దగ్గరికి వచ్చేవాడు. తల్లిని ముట్టుకోవడానికి ఏడేళ్ల పిల్లాడు నేర్చుకున్న జాగ్రత్త అది. చికిత్సకు వెళ్లాలన్న పట్టుదల నాకు అక్కడి నుంచే వచ్చింది.

అయితే వెళ్లింది తప్పుడు తలుపు దగ్గరికి. జూలైలో ఆఫీసు మెట్లు ఎక్కుతుండగా దడ వచ్చి కూలబడ్డాను. గుండె జబ్బేమోనని భయపడ్డాం. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. వాటికైన ఖర్చు తర్వాత మొదటి నెల థెరపీకి అయినదానికంటే ఎక్కువ. పరీక్షలు అనవసరమని కాదు, గుండెకు ఏమీ లేదని తెలుసుకోవాల్సిందే. కానీ ఈమధ్య పెద్ద ప్రమాదమేదైనా జరిగిందా అని ఎవరూ అడగలేదు. చెయ్యి అతుక్కున్నాక అది ముగిసిన కథే కదా అని నేనూ చెప్పలేదు. చివరికి ఒకరు నిద్రమాత్రలు రాసి పంపారు.

ఆగస్టులో అక్క కారులో వెళుతున్నాను. మా ఆయన కాకుండా వేరేవాళ్లు నడిపే కారెక్కడం అదే మొదలు. మలుపు దగ్గర అక్క ఇండికేటర్ వేసింది. టిక్కు, టిక్కు. ఆ క్షణంలో కారు పక్కకు ఒరిగిపోయింది. ముక్కులో డీజిలు వాసన నిండిపోయింది. ఎప్పుడో మానిన మణికట్టు మళ్లీ విరిగినంత నొప్పి. ఇది గుర్తుకు రావడం లాంటిది కాదు. గుర్తుకు వచ్చేటప్పుడు మనం ఇక్కడే ఉంటాం, జ్ఞాపకం మన దగ్గరికి వస్తుంది. ఆ పూట నేను ఇక్కడ లేను. ఆగి ఉన్న కారు తలుపు తీసుకుని రోడ్డు మధ్యలోకి దిగిపోయానని అక్క తర్వాత చెబితే తెలిసింది. నన్ను కాలిబాట అంచున కూర్చోబెట్టి, చాలాసేపు వీపు నిమిరి, "బస్సులో ఇలాంటి శబ్దమేదైనా వచ్చిందా?" అని అడిగింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి నన్ను ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే.

అక్కే ఒక కౌన్సెలర్‌ను వెతికిపెట్టింది. ఆయన నెమ్మదస్తుడు, ఓపిగ్గా విన్నారు. జరిగినదాన్ని మరిచిపోవాలన్నారు, మంచి ఆలోచనలు పెంచుకోవాలన్నారు, రోజూ కళ్లు మూసుకుని ధ్యానం చేయమన్నారు. కళ్లు మూసుకుంటే బస్సు తప్ప ఇంకేమీ లేదు నాకు. రెండోసారి వెళ్లొచ్చాక కౌన్సెలింగ్ అనేది నాకు పనికిరాదని తేల్చుకున్నాను. మామూలు కౌన్సెలింగ్ వేరని, ట్రామా (భయంకరమైన అనుభవం మనసుకు చేసిన గాయం) చికిత్సకు ప్రత్యేకమైన శిక్షణ ఉంటుందని అప్పటికి తెలియదు. మీరు ఎవరికైనా ఫోను చేస్తే ముందుగానే అడగండి: ట్రామాకు ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, అందులో ఎక్కడ శిక్షణ పొందారు, సుమారు ఎన్ని సెషన్లు పడుతుంది అని. శిక్షణ ఉన్నవాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, సూటిగా జవాబు చెబుతారు. నప్పలేదనిపిస్తే కౌన్సెలర్‌ను మార్చుకోవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు.

అక్క పట్టువదలకుండా సెప్టెంబరులో సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ తీసుకుంది. మూడు వారాల తర్వాత దొరికింది. పిచ్చాసుపత్రి లాంటిదేదో ఊహించుకుని వెళ్లాను. దంతవైద్యుడి దగ్గర ఉండే లాంటి వరండా, కుర్చీలు, పాత పత్రికలు. లోపల దాదాపు గంటసేపు మాట్లాడారు. నిద్ర, ఆకలి, మద్యం అలవాటు, కుటుంబంలో ఎవరికైనా మానసిక సమస్యలు, తలకు దెబ్బ తగిలిందా లేదా, అన్నీ అడిగారు. తర్వాత ఏ తడబాటూ లేకుండా "చనిపోవాలని అనిపిస్తోందా?" అన్నారు. చావాలని లేదు గానీ రాత్రి పడుకుని మళ్లీ లేవకపోతే బాగుండునని అనిపిస్తోందని చెప్పాను. ఆ మాట అంతకుముందు మా ఆయనతో కూడా అనలేదు. డాక్టరు కంగారు పడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ ఆలోచన ఎప్పుడెప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో అడిగి రాసుకున్నారు. అది ముదిరితే రాత్రయినా పగలైనా ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాయించి, మా ఆయనను లోపలికి పిలిచి ఆయనకూ ఒకటి ఇచ్చారు. బయటికొచ్చాక తల తేలికైంది. అలాంటి ఆలోచన మీకుంటే మొదటి రోజే చెప్పేయండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.

ఒక ప్రశ్నావళి నింపమన్నారు. 20 ప్రశ్నలు, గడిచిన నెలరోజుల్లో ఒక్కొక్కటి ఎంతగా బాధపెట్టిందో 0 నుంచి 4 వరకు వేయాలి. మొత్తం 80. సాధారణంగా 31, 33 ఆ ప్రాంతం దాటితే పీటీఎస్‌డీ ఉండవచ్చని అనుమానిస్తారట. నాది యాభై దాటింది. అంకెను బట్టి నిర్ధారించరు, అందుకే గంటసేపు మాట్లాడామన్నారు డాక్టరు. ఆ ప్రశ్నలు చదువుతుంటే వణుకు పుట్టింది. ఉలికిపాటు, పీడకలలు, ఇష్టమైనవాళ్లతో దగ్గరితనం తెలియకపోవడం, ఆ సంఘటనకు తననే నిందించుకోవడం... ఇన్ని నెలలుగా నాలో వేర్వేరు లోపాలనుకున్నవన్నీ ఒకే కాగితం మీద అచ్చువేసి ఉన్నాయి. అంటే నాకంటే ముందు ఎంతోమందికి ఇవన్నీ కలిసే వచ్చాయన్నమాట. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అన్న పేరుతో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో 1980లోనే దీన్ని చేర్చిందని చెప్పారాయన. ప్రమాదం తర్వాత కొన్ని వారాలు ఇవన్నీ ఉండడం మామూలేనని, చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయని, నెల దాటినా తగ్గకుండా ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతింటుంటే చికిత్స కావాలని వివరించారు. ఏప్రిల్ చివర్లో ఎవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టారు. మొదటి పది రోజులు వికారం, తలనొప్పి, విపరీతమైన ఆవలింతలు. మేలు తెలియడానికి నెలకు పైగా పట్టింది. అది ముందే చెప్పారు కాబట్టి ఆపకుండా ఉండగలిగాను. నిద్రమాత్రల చీటీ చూసి, అవి ఈ జబ్బును నయం చేయవని, అలవాటు పడితే చికిత్సకు అడ్డమవుతాయని చెప్పి నెమ్మదిగా తగ్గిస్తూ మాన్పించారు. నా మందు నాకు పనిచేసింది. మీకు ఏది, ఎంత అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

మందు ఒక్కటే చాలదు, ట్రామా థెరపీ అవసరమన్నారు. బాగా పరీక్షకు నిలిచిన పద్ధతులు కొన్ని ఉన్నాయట. ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్త రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో జ్ఞాపకాన్నీ, తప్పించుకుంటున్న చోట్లనూ ఒక పద్ధతి ప్రకారం ఎదుర్కొంటారు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సెషన్లు, అందులో సంఘటన గురించి మనలో పాతుకుపోయిన నమ్మకాలను రాసి తరచి చూస్తారు. ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కదిలే వేలినో వెలుగునో కళ్లతో అనుసరిస్తారు. నాకు దొరికిన థెరపిస్టు మొదటిదానిలో శిక్షణ పొందినవారు, అందుకే అది మొదలుపెట్టాం. ఏది గొప్పదని నన్నడిగితే, బాగా నేర్చుకున్న మనిషి దగ్గర దొరికేదే గొప్పది.

ఆమె దగ్గర ఖాళీ రావడానికి ఐదు వారాలు ఆగాల్సి వచ్చింది. ఈ ఎదురుచూపు చాలా కష్టం. పేరు తెలిసింది, మందు ఇంకా పట్టలేదు, చికిత్స మొదలుకాలేదు. ఆ వారాల్లో రోజూ నిద్ర వేళలు, ఏం జరిగితే దడ వచ్చిందో చిన్న పుస్తకంలో రాసుకోమన్నారు. చేసేదేముందని రాశాను. ఆ పుస్తకమే తర్వాత ఎంతో పనికొచ్చింది.

అక్టోబరు చివర్లో మొదటి సెషన్. తొంభై నిమిషాలు. ఫోనులో చెప్పిన ఫీజు అరవై నిమిషాలదని అక్కడికి వెళ్లాక తెలిసింది, మిగిలిన అరగంటకు అదనం. ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు పట్టవచ్చన్నారు. వారానికి ఒకటి చొప్పున లెక్కేసుకుంటే మా ఇంటి ఖర్చులో అది చిన్న మొత్తమేమీ కాదు. మీరు ముందే నిమిషాల లెక్క అడిగి తెలుసుకోండి. రాకపోతే ఎంతముందు చెప్పాలో, చెప్పకపోతే ఫీజు కట్టాలో లేదో కూడా అడగండి. ఇంకో ఖర్చు ఎవరూ చెప్పరు: సెషన్ అయ్యాక ఆ పూటంతా ఏ పనీ చేతకాదు. మధ్యాహ్నం సెషన్ పెట్టుకుని తిరిగి ఆఫీసుకు వెళ్లాలనుకున్నాను, సాధ్యం కాలేదు. సాయంత్రానికి మార్పించుకుని, తిరుగు ప్రయాణానికి మా ఆయననో అక్కనో రమ్మనేదాన్ని.

ఆ గదిలో గోడ గడియారం ఉంది. కూర్చున్న కాసేపటికే నా చూపు దాని మీదికే పోతోందని ఆమె పట్టేశారు. "గడియారం ఇబ్బందిగా ఉందా?" అని అడిగారు. టిక్కు టిక్కు అన్నాను. లేచి వెళ్లి దాన్ని దింపి, బ్యాటరీ తీసి నా ముందు బల్ల మీద పెట్టారు. "ప్రస్తుతానికి ఇలా ఉండనివ్వండి. దీన్ని మళ్లీ పెట్టేది మీరే. ఎప్పుడన్నది కూడా మీ ఇష్టమే" అన్నారు. నన్ను పిచ్చిదానిలా చూడలేదు, పసిపాపలా కూడా చూడలేదు. ఇక్కడ మాట్లాడవచ్చు అని అప్పుడు నమ్మకం కుదిరింది.

మొదటి రెండు సెషన్లూ ప్రమాదంలోకి వెళ్లనేలేదు. చెప్పింది బయటికి పోదని, ప్రాణానికి ముప్పుంటే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వస్తుందని రాసి ఉన్న కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం. నెమ్మదిగా ఊపిరి వదిలే పద్ధతి నేర్పారు. తర్వాత నేను తప్పించుకుంటున్నవన్నీ రాసి, ఒక్కొక్కదానికీ భయాన్ని 0 నుంచి 100 వరకు వేయించారు. ఆగి ఉన్న కారులో ఇండికేటర్ వేసుకుని కూర్చోవడం 40. ఆగి ఉన్న బస్సెక్కి కూర్చోవడం 60. పగటిపూట బస్సు ప్రయాణం 75. వానలో ప్రయాణం 85. రాత్రి బస్సు 100. రాత్రి బస్సు ఎప్పటికీ ఎక్కనని చెప్పాను. సరేనని, అయినా జాబితాలో ఉంచారు.

ఒక సెషన్‌కు మా ఆయనను కూడా పిలిచారు. ఆ ప్రమాదం తర్వాత ఆయన మలుపులు తక్కువున్న దారిలోనే, దూరమైనా సరే, కారు తీసుకెళ్లేవారు. ఇండికేటర్ వేయాల్సిన అవసరం తగ్గుతుందని. ఆ సంగతి నాకు ఆ గదిలోనే తెలిసింది. ఆమె ఆయన్ను తప్పుపట్టలేదు, కానీ ఇక మామూలు దారిలోనే తీసుకెళ్లమన్నారు. తప్పించుకున్న ప్రతిసారీ, తప్పించుకున్నాను కాబట్టే బతికానని మనసు ఇంకా గట్టిగా నమ్ముతుందట. మా ఆయన కాసేపు మాట్లాడలేదు. "తనకు సాయం చేస్తున్నాననే అనుకున్నానండీ" అన్నారు మెల్లగా. నన్ను కాపాడడానికి నెలల తరబడి ఒక్క మాటా అనకుండా చుట్టు తిరిగి నడిపిన మనిషి ఆయన. ఆ రోజు ఇంటికెళ్లేటప్పుడు ఆయన వేసిన ఇండికేటర్‌కు నేను కళ్లు మూసుకుని ఆయన మోచెయ్యి పట్టుకున్నాను గానీ, దిగిపోలేదు.

మూడో సెషన్ నుంచి అసలు పని. కళ్లు మూసుకుని, ప్రమాదాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఇప్పుడే జరుగుతున్నట్టుగా చెప్పాలి. "బస్సు ఒరిగిపోతోంది, నేను కిటికీ మీద పడుతున్నాను" అని. నేను తెలియకుండానే "ఒరిగిపోయింది" అనేస్తుంటే ఆమె మెల్లగా సరిచేసేవారు. మధ్యమధ్య "ఇప్పుడు ఎంత?" అని అడిగేవారు, అంకె చెప్పేదాన్ని. 95, 100. ముగిసిన వెంటనే మళ్లీ మొదటి నుంచి. అదంతా నా ఫోనులో రికార్డు చేయించి, ఇంటి దగ్గర రోజూ ఒకసారి వినమన్నారు.

ఎక్కడ వినాలి? మా ఇంట్లో ముప్పావు గంట తలుపు వేసుకుని ఏడవగలిగిన గది లేదు. బాబు వినకూడదు. చివరికి ఇంటి ముందు ఆపిన కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేదాన్ని. మీరు మొదలుపెట్టేముందు ఈ చోటు సంగతి చూసుకోండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, చోటు కుదరకే చాలామంది ఇంటి దగ్గర చేయాల్సిన ఈ సాధన వదిలేస్తారని మా థెరపిస్టు అన్నారు.

అందరికీ ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. మొదట్లో తగ్గదు, పెరుగుతుంది. అంతకుముందు తగ్గిన పీడకలలు నవంబరు మధ్యకల్లా తిరిగొచ్చాయి, ఈసారి వివరాలతో సహా. అన్నం సహించలేదు. ఆఫీసులో ఒకరి మీద అరిచాను. బాగుపడడానికి డబ్బు కట్టి ఇంకా పాడవుతున్నానా అని ఏడ్చాను. ఒక వారం వెళ్లనని మెసేజ్ పెట్టేశాను. ఆమె ఫోను చేసి, "మీ మణికట్టును మొదటి వారం వంచినప్పుడు నొప్పి తగ్గిందా, పెరిగిందా?" అని అడిగారు. పెరిగిందన్నాను. "అయినా ఎందుకు వెళ్లారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అయితే నొప్పి ఓర్చుకోవడమే చికిత్స అని ఆమె అనలేదు. ఆ వారం రికార్డింగు వినడం తగ్గించి, నిద్ర గురించే మాట్లాడాం. చనిపోవాలన్న ఆలోచనలు పెరిగాయా అని మళ్లీ అడిగారు. డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు కొంచెం పెంచారు. కష్టం పెరిగితే చెప్పకుండా మానేయకండి. చెబితే వేగం తగ్గిస్తారు. మానేస్తే విప్పిన గాయం విప్పినట్టే మిగిలిపోతుంది.

డిసెంబరులో మొత్తం కథ చెప్పించడం ఆపి, ఎక్కువ బాధపెట్టే ఒక్క ఘట్టాన్నే పదేపదే చెప్పించారు. ఆ పెద్దావిడ చెయ్యి. నేను వదిలేశానని, వదిలేయకపోతే ఆమె బతికేదని ఆ నెలలన్నీ నమ్మాను. ఎవరితోనూ అనలేదు, అక్కతో కూడా. మళ్లీ మళ్లీ చెబుతుంటే అప్పటిదాకా లేని వివరాలు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. ఆమె చెయ్యి నా ఎడమ చేతిలో ఉంది. విరిగింది అదే. వేళ్లు మూసుకోవడం లేదు. నేను పట్టుకోలేదు, ఆమే నన్ను పట్టుకుని ఉంది. నేను కుడిచేత్తో ఆమె తలకింద ఏదో బట్ట సర్దాను, "వస్తున్నారమ్మా, వచ్చేస్తున్నారు" అంటూనే ఉన్నాను. ఈ మాటలు నా నోటి నుంచి వస్తుంటే నాకే కొత్తగా వినబడ్డాయి. కళ్లు తెరిచి చాలాసేపు ఏడ్చాను. ప్రమాదం తర్వాత ఆవిడ కోసం ఏడవడం అదే మొదటిసారి. అంతకుముందు ఏడ్చిందంతా భయంతోనే.

రాత్రంతా అక్కడే చిక్కుకుపోయానని గట్టిగా అనుకునేదాన్ని. ఆసుపత్రి కాగితాల్లోని సమయాలు తీసి చూస్తే, మమ్మల్ని బయటికి తీయడానికి అరగంట కూడా పట్టలేదు. మీ దగ్గర పాత కాగితాలుంటే దాచుకోండి, ఇలాంటి చోట అవి పనికొస్తాయి.

రెండోవైపు జాబితా పని నడుస్తూనే ఉంది. ఆగి ఉన్న కారులో ఇండికేటర్ వేసుకుని, భయం సగానికి పడిపోయేదాకా దిగకూడదన్నది నియమం. మొదటి రోజు ముప్పావు గంట పట్టింది. వారం తిరిగేసరికి పది నిమిషాల్లో ఆ శబ్దం విసుగు పుట్టించింది. అంతగా భయపడ్డ శబ్దానికి విసుగు పుట్టడం ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను. ఆ వారమే గడియారంలో బ్యాటరీ నేనే వేశాను. బస్సు దగ్గర మాత్రం అనుకున్నంత తేలిగ్గా కాలేదు. చాలాసార్లు ఎక్కినా భయం తగ్గడం లేదని చెబితే, ఎలా కూర్చుంటున్నారో చూపించమన్నారు. తలుపు పక్క సీటు, ముందు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, ఫోనులో మా ఆయన నంబరు తెరిచి పెట్టుకుని. అదిగో, అవే మిమ్మల్ని కాపాడుతున్నాయని మీ మనసు నమ్ముతోందన్నారు. కడ్డీ వదిలేయాలి, ఫోను సంచిలో పెట్టాలి, మధ్య వరుసలో కూర్చోవాలి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఇంత కష్టమని ఎవరూ నమ్మరు. జనవరి నెలాఖరుకు అలా కూర్చోగలిగాను.

ఫిబ్రవరిలో మళ్లీ అదే ప్రశ్నావళి. ఇరవైలోపు వచ్చింది. వారం వారం సెషన్లు ముగిశాయి. బాబు వెనక నుంచి వచ్చి మీద పడడం మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాడో నేను గమనించలేదు. ఒకసారి మా ఆయన చూసి, "వాడు నిన్ను పిలవడం మానేశాడు, గమనించావా?" అన్నారు.

పూర్తిగా పోయిందని రాయలేను. 2024 మార్చిలో ఏడాది నిండిన వారం చాలా చెడ్డగా గడిచింది. అలా జరగవచ్చని ముందే చెప్పారు, ఆ వారానికి ఒక సెషన్ కూడా రాసిపెట్టారు. వెళ్లాను, రెండు వారాల్లో సర్దుకుంది. పెద్ద చప్పుడుకు ఇప్పటికీ ఉలిక్కిపడతాను, కానీ నిమిషంలో తేరుకుంటాను. వానాకాలపు బస్సు ప్రయాణం ఇప్పుడు 30 దగ్గర ఉంది. రాత్రి బస్సు ఇంకా ఎక్కలేదు. జాబితాలో అది అలాగే ఉంది, అక్క తోడు వస్తానంటే మొదటిసారికి వద్దనకూడదని, రెండోసారి ఒంటరిగా వెళ్లాలని థెరపిస్టుతో అనుకున్నాం. మందు మాత్రం కొనసాగుతోంది. బాగున్నామనిపించగానే ఆపేస్తే తిరగబెట్టవచ్చని, ఒక్కసారిగా ఆపితే ఒంటికి ఇబ్బందవుతుందని, కనీసం ఏడాది వాడాక మెల్లగా తగ్గిద్దామని డాక్టరు అన్నారు. తర్వాతి అపాయింట్‌మెంట్ సెప్టెంబరులో ఉంది, తగ్గించే సంగతి అప్పుడు మాట్లాడతాం.